నిజామాబాద్–బోధన్ చెరకు సీమ

తెలంగాణ వాయవ్య మూలన, గోదావరికి దక్షిణంగా, మంజీరకు తూర్పుగా పరుచుకున్న మైదానం ఇది. తూర్పు అంచున నిజామాబాద్ నగరం, పడమటి అంచుకు చేరువలో బోధన్ పట్టణం. రెంటికీ నడుమ ముప్పై కిలోమీటర్ల లోపు దూరం. ఎడపల్లి, నవీపేట, రెంజల్, కోటగిరి, వర్ని, రుద్రూర్ మండలాలు ఈ సీమలోవే. బాన్సువాడ, బీర్కూర్ ప్రాంతాలు 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు కామారెడ్డికి వెళ్లాయి. కాని కాలువ ఒకటే, పొలాలు ఒకటే, పెళ్లి సంబంధాలూ ఒకటే కాబట్టి వాటిని వేరుచేసి చెప్పడం కుదరదు. మంజీర దాటితే మహారాష్ట్ర. బోధన్ నుంచి సాలూర వంతెన మీదుగా బిలోలి, నాందేడ్ వెళ్లే దారి పడుతుంది.

నేల, నదులు

ఈ మైదానం సముద్ర మట్టానికి నాలుగు వందల మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. తూర్పున ఇందల్వాయి, సిర్నాపల్లి వైపు గ్రానైటు గుట్టలు, టేకు అడవి, ఎర్ర చలక. పడమటికి పోయేకొద్దీ నేల నలుపు తిరుగుతుంది. దక్కను లావా రాయి అరిగి ఏర్పడిన రేగడి మంజీర ఒడ్డున బాగా లోతుగా ఉంటుంది. వాన ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల ప్రాంతంలో పడుతుంది, అందులో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాలదే. మే నెలలో రాష్ట్రంలోకెల్లా అత్యధిక ఉష్ణోగ్రత నిజామాబాద్‌లో నమోదైందన్న వార్త ఇక్కడివాళ్లకు అలవాటే.

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. ముందు ఆగ్నేయంగా పారి, కర్ణాటకలోని బీదర్ దాటి, మెదక్ సీమలో ఒక్కసారిగా ఉత్తరానికి మళ్లుతుంది. మళ్లీ మహారాష్ట్ర సరిహద్దు దాకా వచ్చి, సుమారు 724 కిలోమీటర్ల ప్రయాణం తర్వాత రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే చిన్న ఏరునూ కలుపుకొని దాన్ని త్రివేణీ సంగమం అంటారు. నదీగర్భంలోనే రాతి శివాలయం ఒకటి ఉంది. వరదకాలంలో అది నీళ్లలో మునుగుతుంది, ఎండాకాలంలో ఇసుక మీదుగా నడిచి వెళ్లవచ్చు. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. రాష్ట్రీయ స్వయంసేవక సంఘ్ స్థాపకుడు కేశవ బలిరామ్ హెడ్గేవార్ పూర్వీకుల ఊరు కూడా కందకుర్తే.

సంగమానికి దిగువన, బాల్కొండ వైపు, పోచంపాడు దగ్గర శ్రీరామ్‌సాగర్ ఉంది. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశాడు. దాని నీళ్లు ఎక్కువగా కరీంనగర్, వరంగల్ వైపు పోతాయి. ఈ సీమకు దక్కినవి ముంపు, ఆ తర్వాత కొంత ఎత్తిపోతల నీరు. నది ఎగువన మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ మీద జరిగిన వివాదం 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో ఒక కొలిక్కి వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు దాని గేట్లు ఎత్తే ఉంచాలి. ఏటా జూలై మొదటి తేదీన రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, కేంద్ర జలసంఘం అధికారుల ఎదుట గేట్లెత్తడం ఆనవాయితీ అయింది.

పోదనపురం

బోధన్ ఊరు చూస్తే దాని వయసు తెలియదు. బౌద్ధ గ్రంథాల్లో పదహారు మహాజనపదాల పట్టికలో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఒక్క అశ్మకమే. పాళీలో దాన్ని అస్సక అన్నారు. దాని రాజధాని పోతన లేక పోతలి. ఆ పోతనే నేటి బోధన్ అని చాలామంది చరిత్రకారులు అంగీకరించారు. సుత్తనిపాతంలో కనిపించే బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకొని, బుద్ధుణ్ణి ప్రశ్నలడిగి రమ్మని శిష్యులను ఉత్తరాదికి పంపాడు. ఆ ఆశ్రమం నది దిగువన, నేటి నిర్మల్ జిల్లాలో, గోదావరి పాయల మధ్య ద్వీపంలా ఉన్న బాదనకుర్తిలో ఉండేదని ఒక వాదం.

జైనులకూ ఇది ముఖ్యమైన చోటు. మొదటి తీర్థంకరుడు ఋషభుడి కొడుకు బాహుబలి ఏలిన పోదనపురం ఇదేనని వారి సంప్రదాయం. అక్కడ భరతుడు నిలిపిన బాహుబలి విగ్రహం గురించి విని, దాన్ని చూడాలని తల్లి కోరడంతో గంగరాజుల మంత్రి చాముండరాయడు బయలుదేరాడనీ, దారి దొరకక శ్రవణబెళగొళలోనే విగ్రహం చెక్కించాడనీ కథ. బెళగొళ విగ్రహం పదవ శతాబ్ది చివరిది. హిందువుల చెప్పుకోలు వేరు: పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం ఇదే, భీముడు బకాసురుణ్ణి చంపిందీ ఇక్కడే అంటారు. ఊళ్లోని చక్రేశ్వరాలయం ఆ కథకు ఆనవాలు. ఒకే ఊరిని ముగ్గురూ తమదనుకోవడానికి కారణం దాని పాతదనమే తప్ప, ఏ ఒక్క కథకూ తవ్వకాల బలం లేదు.

శాసనాల దగ్గరికి వస్తే కాళ్లు నేల మీద ఆనుతాయి. రాష్ట్రకూటులకు సామంతులై, తర్వాత వేములవాడ నుంచి పాలించిన చాళుక్యుల తొలి కేంద్రం బోధన్. వారి సపాదలక్ష దేశం ఈ పరిసరాలదే. ఆ వంశపు యుద్ధమల్లుడు పోదనలో నూనె నింపిన బావిలో ఏనుగులకు స్నానం చేయించాడని 966 నాటి పర్భణీ తామ్రశాసనం చెబుతుంది. రాజుల గొప్పలకు కొలత ఉండదు కాని, ఏనుగుల దండు, అంత నూనె గింజల పంట ఉన్న సీమ అని మాత్రం అనుకోవచ్చు. కన్నడ ఆదికవి పంపడు ఈ వంశపు రెండో అరికేసరి కొలువులోనే విక్రమార్జున విజయం రాశాడు. పంపడి సమాధి బోధన్‌లోనే ఉందని స్థానికుల నమ్మకం. రాష్ట్రకూట ఇంద్రవల్లభుడు తన పేర కట్టించిన ఇంద్రనారాయణ ఆలయం శిథిలమైతే దాన్ని బాగుచేయించిన సంగతి కల్యాణి చాళుక్య త్రైలోక్యమల్లుడి కాలపు 1056 శాసనంలో ఉంది.

ఇప్పుడు బోధన్‌లో నిలిచి ఉన్న పాత కట్టడాల్లో దేవల్ మసీదు మొదట చూడాల్సింది. నక్షత్రాకారపు తలం మీద, చెక్కడపు రాతి స్తంభాలతో లేచిన ఆలయం అది. తుగ్లక్ కాలంలో మసీదుగా మారింది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరున్న పలకలు అక్కడ దొరికాయి. గర్భాలయాన్ని తీసేసి, కప్పు మీద చిన్న చిన్న గుమ్మటాలు లేపారే గాని, స్తంభాల జోలికి పెద్దగా పోలేదు. ఎండ ఏటవాలుగా పడే వేళ స్తంభాల మీద అరిగిన కూర్చున్న బొమ్మల రేఖలు కంటికి దొరుకుతాయి. మూల ఆలయం జైనులదనే మాట వాటినిబట్టి వచ్చిందే.

ఇందూరు నిజామాబాద్ అయిన తీరు

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. పెద్దవాళ్ల నోట, సాహితీ సంస్థల పేర్లలో ఆ పేరు ఇంకా బతికే ఉంది. ఊరికి నైరుతిగా గుట్ట మీద ఖిల్లా, అందులో రఘునాథాలయం, గుట్ట కింద రఘునాథ చెరువు. కోట పునాది రాష్ట్రకూటుల నాటిదంటారు. 1311లో ఖిల్జీ సేనల చేతికి, ఆ తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీల చేతికి వచ్చింది.

హైదరాబాద్ నుంచి మన్మాడ్‌కు వేసిన గోదావరి లోయ రైలుమార్గం ఊరి దశ మార్చింది. 1897లో మొదలై 1901 నాటికి పూర్తయిన ఈ మీటరు గేజి లైను మీద 1905లో స్టేషనుకు నిజామాబాద్ అని పేరు పెట్టారు. కాలక్రమంలో ఊరికీ జిల్లాకూ అదే ఖాయమైంది. సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన రాణి జానకీబాయి చొరవ వల్లే రైలు ఇటుగా వచ్చిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. బోధన్ లైను చీలే జానకంపేట ఆమె పేరిట వెలసిందే అని కూడా. చెరువులు తవ్వించిన దొరసానిగా ఆమె పేరు జనం నోట ఇంకా వినబడుతుంది.

1937లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం నిజామాబాద్‌లో జరిగింది. మందుముల నరసింగరావు అధ్యక్షుడు. తర్వాతి కాలంలో ఖిల్లా గుట్ట మీది జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి కలిసి బందీలుగా ఉన్నారు. కాగితం దొరకని చోట దాశరథి బొగ్గుతో గోడ మీద నిజాంను తిడుతూ పద్యాలు రాశాడు. గోడ కడిగించినా పద్యాలు ఖైదీల నోళ్లకెక్కి బయటపడ్డాయి. ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నవలకు నేపథ్యం ఈ జిల్లా పల్లెలే.

నిజాంసాగర్

ఈ సీమ చరిత్రను రెండుగా కోయాలంటే కత్తి 1931 దగ్గర పెట్టాలి. అంతకు ముందు ఇది చెరువుల కింద వరి, రేగడిలో జొన్న పండే నేల. చెరకు ఉండేది కాని కొద్దిగా. ఎడ్ల గానుగలో ఆడి బెల్లం వండుకునేంత. చెరకు పదీ పన్నెండు నెలలు పొలంలో నిలిచే పంట. ఎండాకాలం నాలుగు నెలలూ తడి అందకపోతే గెడ పొట్టిగా, పిడచగా మిగులుతుంది. ఎండాకాలంలో అడుగంటే చెరువును నమ్ముకొని ఎవరూ వందల ఎకరాల్లో చెరకు వేయరు.

1923లో మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల దగ్గర పని మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ దీని రూపకర్త. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివివచ్చిన ఈయన పుట్టినరోజు జూలై 11ను ఇప్పుడు తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుతారు. రాతి ఆనకట్ట దాదాపు మూడు కిలోమీటర్ల పొడవు, పైన బండి నడిచే బాట. నలభై దాకా ఊళ్లను ఖాళీ చేయించారు. 1931లో పూర్తయినప్పుడు నిల్వ సామర్థ్యం ముప్పై టీఎంసీలకు కొంచెం తక్కువ, ఆయకట్టు రెండున్నర లక్షల ఎకరాలకు పైమాట. ప్రధాన కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ మీదుగా సాగి నిజామాబాద్ శివారు దాకా వస్తుంది. ఆ కాలువ నీళ్లు పట్టడానికి కట్టిన అలీసాగర్ ఇంజనీరు పేరునే మోస్తోంది. దాని ఒడ్డున అతిథి గృహం, తోట ఇప్పటికీ జిల్లావాసుల ఆదివారపు విహారం.

కాలువ వచ్చింది, మడి చెక్కే చేతులు చాలలేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి డెల్టాల నుంచి రైతులు రావడం 1930లలో మొదలై, స్వాతంత్ర్యం తర్వాతా సాగింది. వాళ్లు పొలాల నడుమ వేసుకున్న గుడిసెల గుంపులను 'క్యాంపులు' అన్నారు. గుడిసెలు పోయి మేడలు లేచినా ఆ ఊళ్లు ఇంకా క్యాంపులే. బస్సుల బోర్డుల మీద కూడా అదే పేరు. చవగ్గా దొరికిన భూమి ఎవరిది, ఎవరి చేతి నుంచి జారింది అన్న ప్రశ్న ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో మళ్లీ మళ్లీ పైకి వచ్చింది. మొత్తమ్మీద ఒకే పల్లె తిరునాళ్లలో రెండు యాసల తెలుగు, సంతలో ఉర్దూ, నది ఒడ్డు ఊళ్లలో మరాఠీ వినబడటం ఇక్కడ మామూలు.

శక్కర్‌నగర్

నీళ్లు పొలాలకు అందిన ఆరేళ్లకే ఫ్యాక్టరీ వచ్చింది. హైదరాబాద్ ప్రభుత్వం 1929లో నెలకొల్పిన పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టుబడితో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ సంస్థ ఏర్పడింది. బోధన్ పక్కన కొత్తగా వెలసిన కార్మికుల పేటకు శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారం అని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. ఇలాంటి బిరుదులు ఒక్కో కాలంలో ఒక్కో ఫ్యాక్టరీకి దక్కాయి కాబట్టి కొంచెం ఆచితూచి తీసుకోవాలి. పరిమాణం మాట అటుంచితే, దీని ప్రత్యేకత వేరు: ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల చెరకు ఫారాలు, వాటి నుంచి గడలు మోసే చిన్న రైలు పట్టాలు, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, డిస్టిలరీ ఉండేవి. ఇలాంటి ఏర్పాటు మన దేశంలో అరుదు. మిగతాచోట్ల ఫ్యాక్టరీ ఒకరిది, తోట ఒకరిది.

క్రషింగ్ సీజను నవంబరు, డిసెంబరుల్లో మొదలై మార్చి దాటేదాకా నడిచేది. రైతుకు ముందుగా కటింగ్ ఆర్డరు రావాలి. చెరకు కొట్టిన గంటనుంచే గడలో తీపి విరగడం మొదలవుతుంది. ఒక రోజు దాటితే తూకమూ తగ్గుతుంది, చక్కెర దిగుబడీ తగ్గుతుంది. అందుకే ఆర్డరు ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నదే పల్లెల్లో పెద్ద రాజకీయం. కాంటా ముందు ఎడ్లబండ్లు రాత్రంతా బారులు తీరేవి. తూకమయ్యాక గడలను కత్తుల కింద ముక్కలుచేసి వరుస రోలర్ల మధ్య నలుపుతారు. రసానికి సున్నం కలిపి, గంధకపు పొగ పట్టించి తేర్చి, వాక్యూమ్ పాన్లలో మరగబెడితే పలుకు కడుతుంది. గిర్రున తిరిగే జల్లెడల్లో పలుకు ఒకపక్క, మడ్డి ఒకపక్క విడిపోతాయి. నూరు కిలోల చెరకుకు పది కిలోలకు అటూ ఇటూగా చక్కెర. పిప్పి బాయిలర్ల పొయ్యిలోకి, మడ్డి డిస్టిలరీలోకి, వడపోతలో మిగిలిన మట్టి మళ్లీ పొలానికి ఎరువుగా పోయేవి. నాటిన ఏడాది మొక్క తోట, నరికిన దుబ్బుల నుంచి మొలిచేది కార్శి తోట. ఏ రకం ఈ నేలకు నప్పుతుందో చూడటానికి రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఉంది.

తర్వాతి కాలంలో కంపెనీ రాష్ట్రంలో మరికొన్ని చోట్ల ఫ్యాక్టరీలు పెట్టింది, కొన్నింటిని కలుపుకొంది. నిజామాబాద్‌ను ఆనుకొని సారంగపూర్‌లో రైతుల సహకార చక్కెర కర్మాగారం కూడా లేచింది.

దూరపు పోలిక ఒకటి ఇక్కడ పనికివస్తుంది. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపం మధ్యయుగాల చివర ఐరోపాకు చక్కెర అమ్మి బతికింది. కొలోసీలో హాస్పిటలర్ యోధుల మిల్లు, పక్కనే ఎపిస్కోపీలో వెనిస్ కొర్నారో కుటుంబపు తోటలు. ఇద్దరికీ కూరిస్ ఏటి నీళ్లే దిక్కు. పైనున్న హాస్పిటలర్లు నీళ్లు మళ్లించుకుంటున్నారని కొర్నారోలు గొడవపడ్డారు. తర్వాత మదీరా, ఆపైన అట్లాంటిక్ అవతలి తోటల చవక చక్కెర ముందు సైప్రస్ నిలవలేక ఆ భూములను పత్తికి అప్పగించింది. చెరకు ఉన్నచోటల్లా ఎగువ నీళ్ల తగాదా ఉంటుంది, తగాదా ఓడినవాడు వేరే పంట వెతుక్కుంటాడు. బోధన్ సంగతీ చాలావరకు ఇదే.

నీళ్లు తగ్గాయి, చెరకూ తగ్గింది

నిజాంసాగర్‌లో పూడిక సమస్య ఆనకట్ట కట్టిన కొన్ని దశాబ్దాల్లోనే పైకి తేలింది. 1970లలో నీటిమట్టం పెంచినా నిల్వ సామర్థ్యం 17.8 టీఎంసీల దగ్గరే ఆగింది. ఎగువన సింగూరు జలాశయం పూర్తయ్యాక మంజీర నీళ్లలో మొదటి వాటా హైదరాబాద్ కుళాయిలదయింది. సింగూరు సామర్థ్యం 29.9 టీఎంసీలు. అంటే నిజాంసాగర్ మొదట్లో ఎంతదో దాదాపు అంతే. వాన తక్కువైన ఏడు కాలువ చివరి భూములకు తడి రాదు. ఏడాది పొడుగునా నీళ్లు కావలసిన పంట ముందుగా వదులుకునేది ఆ చివరి భూములే. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు గోదావరి నుంచి నీళ్లు ఎత్తి ఈ లోటును కొంత పూడ్చాయి, కాని ఆ నీళ్లు వచ్చేసరికి రైతులు వరికి అలవాటుపడ్డారు.

ఫ్యాక్టరీ కథ నీళ్లతోనే ముగియలేదు. నష్టాలు, పాత యంత్రాలు, రైతుకు ఆలస్యంగా అందే బిల్లులు అన్నీ కలిశాయి. 2002లో రాష్ట్ర ప్రభుత్వం బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లలో 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు ఇచ్చి, నిజాం దక్కన్ షుగర్స్ పేరుతో ఉమ్మడి సంస్థగా నడిపింది. ఆ ఒప్పందం మీద శాసనసభా సంఘం విచారణ, కోర్టు కేసులు, ఎన్నికల హామీలు నడిచాయి. 2015 డిసెంబరులో మూడు యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించి తాళం వేశారు. ఆ తర్వాత దివాలా చట్టం కింద వ్యవహారం కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరింది. సారంగపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకు ముందే మూతపడింది. 2024లో పునఃప్రారంభం మీద ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. జీతాల బకాయిల కోసం కార్మికుల పోరాటం మాత్రం ఏళ్ల తరబడి సాగింది. మిగిలిన కొద్దిపాటి చెరకు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు పోతోంది.

ఇప్పటి పంటలు, పనులు

చెరకు తోటలున్న చోట ఇప్పుడు రెండు కార్లూ వరి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాలు, మద్దతు ధర ఉండటం వల్ల రైతుకు వరి తేలికైన లెక్క: నాలుగైదు నెలల్లో చేతికి డబ్బు, కటింగ్ ఆర్డరు బెడద లేదు, కోతకు యంత్రం ఉంది. రేగడిలో వానాకాలం సోయా, యాసంగిలో శనగ. వరి మిల్లులు బోధన్, వర్ని, నిజామాబాద్ దారుల వెంట బారులు తీరాయి. బీడీలు చుట్టే ఆడవాళ్లు, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు లేకుండా ఈ జిల్లా ఇళ్ల ఆదాయం లెక్క తేలదు.

నిజామాబాద్ నగర వ్యాపారానికి అసలు బలం పసుపు. పండేది ఎక్కువగా ఆర్మూర్, బాల్కొండ వైపైనా, బేరం జరిగేది నిజామాబాద్ మార్కెట్ యార్డులో. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు, మండలు విడివిడిగా రాశులు పోస్తారు. వ్యాపారి ఒక కొమ్ము విరిచి లోపలి రంగు చూసి ధర చెబుతాడు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ధర, పసుపు బోర్డు కోసం నూటడెబ్బైకి పైగా రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు కావడంతో ఎన్నికల సంఘం ఒక్కో బూతులో పన్నెండేసి ఓటింగు యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు ఆరంభమైంది. అదే ఏడు జూన్‌లో దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లో తెరుచుకుంది.

2011 జనాభా లెక్కల్లో నిజామాబాద్ నగరం మూడు లక్షలు దాటింది, బోధన్ డెబ్బై ఏడు వేల చిల్లర. సికింద్రాబాద్–మన్మాడ్ లైను బ్రాడ్‌గేజి అయ్యాక పెద్దపల్లి లైను కూడా 2017లో నిజామాబాద్‌కు కలిసింది. జానకంపేట నుంచి బోధన్‌కు చీలే పాత శాఖ లైను బోధన్‌తోనే ఆగుతుంది. దాన్ని బీదర్ వైపు పొడిగించాలన్నది ఈ ప్రాంతం చాలాకాలంగా అడుగుతున్న కోరిక.